ముందుగా పట్టుకోవడం, ముందుగా పట్టించుకోవడం: ప్రోస్టేటు కాన్సరు వ్యాసాలపై ఒక విమర్శ

దినపత్రికలలో ఆరోగ్య శీర్షిక కింద వచ్చే కాన్సరు వ్యాసాలకు ఒక మూస ఏర్పడి ఉన్నది. మొదట భయపెట్టే అంకెలు, తరువాత లక్షణాల పట్టిక, ఆపైన పరీక్షల పేర్లు, చివరకు ముందుగా గుర్తిస్తే నయమవుతుందన్న హామీ. రెండు మూడు సంవత్సరాలుగా మా విద్యార్థులు తెచ్చి ఇచ్చిన ఇటువంటి వ్యాసాలను, తిరుపతి, చిత్తూరు పట్టణాలలో రక్తపరీక్షా కేంద్రాలవారు పంచే కరపత్రాలను ఒకచోట చేర్చి, ప్రోస్టేటు గ్రంథి కాన్సరును గురించి వాటిలో ఉన్నదంతా శ్రద్ధగా చదివాను. పచ్చి అబద్ధాలు వాటిలో తక్కువ. వ్రాసినవారిలో పలువురు మంచి వైద్యులే. అయినా వాటివల్ల సామాన్య పాఠకుడు తప్పుదారి పట్టే అవకాశం ఎక్కువ. రెండు వేరువేరు పనులను అవి ఒకే మాటతో చెప్పడమే అందుకు కారణం.

ఏదో ఒక బాధ మొదలైన మనిషిని ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు చేర్చి, రోగమేమిటో నిర్ణయించడం ఒక పని. ఏ బాధా లేక తన పనులు తాను చేసుకుంటున్న వేలమందిని వరుసగా పరీక్షించి, వారిలో ఎవరికి రోగం దాగి ఉన్నదో వెదకడం రెండవ పని. ఈ రెండవదానినే స్క్రీనింగు అంటారు. మొదటిదానిలో రోగి వైద్యుణ్ణి వెదుక్కుంటూ వస్తాడు. రెండవదానిలో వైద్యుడే రోగిని వెదుక్కుంటూ పోతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ రెండింటినీ విడివిడిగానే చూడవలెనని చెబుతున్నది. మన వ్యాసాలలో మాత్రం రెండూ “ముందుగా గుర్తించడం” అనే ఒకే సంచిలో పడిపోయాయి.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఈ చర్చతో ఏమి పని అని ఎవరైనా అడగవచ్చు. మన పల్లెలలో ఇంటిలోని పెద్దవారి రక్తపరీక్ష కాగితం ఇంగ్లీషులో వస్తే దానిని చదివి చెప్పేది బడికి పోయే పిల్లలే. ఆ కాగితంలో ఒక అంకె నల్లని బొద్దు అక్షరాలలో ఉంటే, దాని అర్థం ఏమిటని ముసలాయన అడిగేది తన మనుమడినో మనుమరాలినో. ఆ ప్రశ్నకు జవాబు పాఠ్యపుస్తకంలో దొరకదు.

పౌరుష గ్రంథి అని జీవశాస్త్రం పాఠంలో చదువుకునే ప్రోస్టేటు గ్రంథి మగవారికి మాత్రమే ఉంటుంది. మూత్రాశయం అడుగున, మూత్రనాళాన్ని ఉంగరంవలె చుట్టుకొని ఉంటుంది. యౌవనంలో దాని బరువు సుమారు 20 గ్రాములు. యాభై దాటిన తరువాత చాలామందిలో అది పెరగడం మొదలవుతుంది. ఈ పెరుగుదల ఎక్కువగా మూత్రనాళం పక్కనే జరుగుతుంది కనుక ధార సన్నబడటం, రాత్రి నాలుగైదుసార్లు లేవవలసిరావడం, ఒక్కొక్కప్పుడు మూత్రం పూర్తిగా ఆగిపోవడం జరుగుతుంది. ఇది కాన్సరు కాదు. కాన్సరు చాలావరకు గ్రంథి వెలుపలి భాగంలో పుడుతుంది. నాళానికి దూరంగా ఉండడంవల్ల మొదటి దశలో అది సాధారణంగా ఏ బాధా పెట్టదు. కరపత్రాలలోని లక్షణాల పట్టికలో ఈ తేడా కనిపించదు. రాత్రి లేవడం కాన్సరు లక్షణమని చదివిన అరవై ఏండ్ల మనిషి అనవసరంగా బెదిరిపోతాడు. నడుమునొప్పి మూత్రానికి సంబంధించినది కాదు గదా అనుకున్న డెబ్బై ఏండ్ల మనిషి అసలు అపాయాన్ని గుర్తించడు.

పి.ఎస్.ఏ. అనే పరీక్ష ఎట్లా వచ్చిందో తెలుసుకుంటే దాని శక్తీ, బలహీనతా రెండూ అర్థమవుతాయి. 1938 లో ఎ.బి. గట్‌మన్, ఇ.బి. గట్‌మన్ అనే శాస్త్రజ్ఞులు ప్రోస్టేటు కాన్సరు ఎముకలకు పాకిన రోగుల రక్తంలో ఆమ్ల ఫాస్ఫటేసు అనే ఎంజైము హెచ్చుగా ఉన్నదని చూపారు. ఆ ఎంజైమునే కొలబద్దగా పెట్టుకొని, 1941 లో షికాగోలో చార్లెస్ హగిన్స్, వృషణాలను తొలగించినా, స్త్రీ హార్మోనులు ఇచ్చినా ఈ కాన్సరు అణగుతుందని నిరూపించాడు. 1966 లో ఆయనకు నోబెలు బహుమానం లభించింది. 1979 లో అమెరికాలోని బఫెలో నగరంలో వాంగ్, చూ అనే పరిశోధకులు, వారి సహచరులు ప్రోస్టేటులో మరొక మాంసకృత్తును శుద్ధిచేశారు. అదే పి.ఎస్.ఏ. వీర్యాన్ని పలుచబరచడం దాని పని. గ్రంథి నుండి కొద్దికొద్దిగా రక్తంలోకి ఊరుతుంది. అమెరికా ప్రభుత్వం 1986 లో ఈ పరీక్షను అనుమతించినది, ఇప్పటికే కాన్సరు ఉన్నదని తేలినవారిలో వైద్యం పనిచేస్తున్నదో లేదో గమనించడానికి మాత్రమే. ఆ పనిలో దానికి సాటి తక్కువ. 1991 లో కెటలోనా అనే వైద్యుడు 1653 మంది మగవారిపై చేసిన పరిశీలనను ప్రకటించిన తరువాత, ఆరోగ్యవంతులలో కాన్సరును వెదకడానికి కూడా దానిని వాడడం విస్తరించింది. 1994 లో ఆ వాడుకకు కూడా అనుమతి వచ్చింది. రక్తంలో ఒక మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు అనే హద్దు స్థిరపడింది.

ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒకటి. పి.ఎస్.ఏ. ప్రోస్టేటు గ్రంథికి గుర్తే గాని కాన్సరుకు గుర్తు కాదు. మామూలు పెరుగుదలలోనూ, గ్రంథికి వాపు వచ్చినప్పుడూ, మూత్రంలో చీము చేరినప్పుడూ, మూత్రం ఆగి గొట్టం వేసినప్పుడూ అది పెరుగుతుంది. ఒకనాడు తరగతి అయిన తరువాత ఒక విద్యార్థి నా గదికి వచ్చి, “సార్, మా అబ్బకు పి.ఎస్.ఏ. ఏడు వచ్చిందంట. కాన్సరేనా సార్?” అన్నాడు. “ఎందుకు చేయించినారబ్బా?” అని అడిగాను. “ఒంటేలు ఆగిపోయింటే గొట్టమేసినారు సార్. ఆ పొద్దే రక్తం గూడా తీసినారు.” ఆ పొద్దు తీసిన రక్తంలో ఆ అంకె పెరగకపోతేనే ఆశ్చర్యం. కొన్ని వారాలు ఆగి, మళ్ళీ పరీక్ష చేయించవలెనని వైద్యుడే చెప్పాడట గాని, ఇంట్లో ఆ మాట ఎవరికీ చెవికెక్కలేదు. ఏడు అనే అంకె ఒక్కటే మిగిలింది. నేను చదివిన కరపత్రాలలో ఒక్కటి కూడా ఈ సంగతి చెప్పలేదు. 0 నుండి 4 వరకు మామూలు, ఆపైన అపాయం అని మాత్రమే అచ్చువేశారు.

స్క్రీనింగును తెలుగులో జల్లెడ పట్టడం అనవచ్చు. మా వైపు చెనిక్కాయలు జల్లెడ పట్టినవారికి ఈ ఉపమానం వివరించనక్కరలేదు. కన్నాలు పెద్దవైతే మంచి కాయ కూడా జారిపోతుంది. చిన్నవైతే మట్టిగడ్డలు కూడా నిలిచిపోతాయి. రెండు నష్టాలూ లేని జల్లెడ లేదు. 4 అనే హద్దు కూడా అటువంటిదే. 2004 లో అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశోధనలో, పి.ఎస్.ఏ. 4 కు మించని 2950 మందికి గ్రంథి నుండి ముక్క తీసి పరీక్షిస్తే 15.2 శాతంలో కాన్సరు కణాలు కనిపించాయి. హద్దు కింద ఉన్నంత మాత్రాన రోగం లేదని కాదన్నమాట. హద్దు దాటినవారి మాట చూస్తే, 4 కు 10 కి మధ్య ఉన్నవారికి బయాప్సీ చేస్తే సుమారు నాలుగింట ఒకరిలో మాత్రమే కాన్సరు తేలుతుంది. మిగిలిన ముగ్గురూ వారాల తరబడి నిద్ర లేకుండా గడిపి, సూదులు గుచ్చించుకొని, కొందరు జ్వరాలు తెచ్చుకొని, ఏమీ లేదని తెలిసి ఇంటికి పోతారు.

గణితం చెప్పే ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో ఒక లెక్కగా చేయించవచ్చు. ఇవి లెక్క కోసం ఊహించిన అంకెలు మాత్రమే. ఒక ఊరిలో 1000 మంది వృద్ధులున్నారు. వారిలో 10 మందికి రోగమున్నది. రోగమున్న నూరుమందిలో 80 మందిని పరీక్ష పట్టుకుంటుంది. రోగం లేని నూరుమందిలో 10 మందిని కూడా పొరపాటున పట్టుకుంటుంది. అప్పుడు పట్టుబడే నిజమైన రోగులు 8 మంది. రోగం లేకపోయినా పట్టుబడేవారు 99 మంది. పరీక్షలో దొరికిన 107 మందిలో అసలు రోగులు పదముగ్గురిలో ఒక్కరు కూడా లేరు. ఇదే పరీక్షను 30 మంది రోగులున్న మరొక ఊరిలో చేయండి. ఇప్పుడు దొరికే నిజమైన రోగులు 24, పొరపాటువారు 97, అంటే అయిదుగురిలో ఒకరు. పరీక్ష మారలేదు, యంత్రం మారలేదు. ఊరు మారింది. రోగం అరుదుగా ఉన్నచోట అదే పరీక్ష ఎక్కువ అబద్ధాలు చెబుతుంది.

ఈ లెక్కకు మన దేశంతో సంబంధం ఉన్నది. 2022 సంవత్సరానికి అంతర్జాతీయ అంచనా ప్రకారం, వయస్సుల తేడా సరిచేసి చూస్తే, అమెరికాలో లక్షమంది మగవారిలో ఏటా 70 కి పైగా ప్రోస్టేటు కాన్సరు కేసులు కనిపిస్తుంటే, మన దేశంలో ఐదారు మాత్రమే కనిపిస్తున్నాయి. మనవారు పరీక్షలు చేయించుకోకపోవడం ఈ తేడాకు కొంత కారణం, కాని అంతా అదే కాదు. మొత్తం మీద ఆ ఏడు మన దేశంలో కొత్త కేసులు సుమారు 38 వేలని అంచనా. అది చిన్న సంఖ్య కాదు. వృద్ధుల సంఖ్యతోపాటు పెరుగుతూనే ఉన్నది. అయితే అమెరికాలోని ఊరి కోసం వేసిన లెక్కను పుంగనూరుకో, శ్రీకాళహస్తికో అట్లాగే దించరాదు.

ఇక వ్యాసాలలో తరచుగా కనిపించే మరొక అంకె, అయిదేండ్ల బ్రదుకు శాతం. రోగం తేలిన నాటి నుండి అయిదేండ్ల తరువాత నూటికి ఎందరు బ్రతికి ఉన్నారన్నదే ఇది. మొదటి దశలో కనుగొన్నవారిలో దాదాపు అందరూ, చివరి దశలో కనుగొన్నవారిలో మూడింట ఒకరు బ్రతికి ఉన్నారు, కాబట్టి ముందుగా పరీక్ష చేయించుకోండి అంటారు. వినడానికి తిరుగులేని వాదన. దీనిలోని మెలిక చూడండి. మద్రాసు నుండి తిరుపతికి రాత్రి రైలులో ఇద్దరు వస్తున్నారు. ఒకరికి అరక్కోణంలో మెలకువ వచ్చింది, మరొకరికి రేణిగుంటలో. రైలు తిరుపతి చేరే వేళ ఇద్దరికీ ఒకటే. మొదటివారు ఎక్కువసేపు మేల్కొని ఉన్నారు, అంతే. రోగం ముందుగా తేలినప్పుడు గడియారం ముందుగా నడవడం మొదలవుతుంది. చావు ఒక్క రోజు కూడా వాయిదా పడకపోయినా అయిదేండ్ల శాతం పెరుగుతుంది.

ఈ మెలిక పెద్దపెద్దవారినే పడవేసింది. 2007 లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీకి దిగిన రుడాల్ఫ్ జూలియాని తనకు ప్రోస్టేటు కాన్సరు వచ్చి నయమైన సంగతి చెబుతూ, ఆ రోగం నుండి బయటపడే అవకాశం అమెరికాలో 82 శాతమైతే ఇంగ్లండులో 44 శాతమేనని ప్రకటనలు వేయించాడు. ఆ కాలంలో ఈ రోగంతో చనిపోయేవారి సంఖ్య చూస్తే రెండు దేశాలలోనూ ఇంచుమించు సమానం, లక్షకు 26, 27. అమెరికాలో పి.ఎస్.ఏ. పరీక్షలు విరివిగా చేస్తున్నారు, ఇంగ్లండులో చేయడం లేదు. తేడా చాలావరకు మెలకువ వచ్చిన స్టేషనులో ఉన్నది. కాబట్టి స్క్రీనింగు పనికివచ్చిందా అని తెలుసుకోవలెనంటే బ్రదుకు శాతాన్ని కాక మరణాల రేటును చూడవలె. ఈ ఒక్క నియమం తెలిసిన విద్యార్థి సగం ఆరోగ్య వ్యాసాలను తానే విమర్శించగలడు.

రెండవ మెలిక ఇంకా లోతైనది. 1935 లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆర్నల్డ్ రిచ్ అనే వ్యాధిశాస్త్రజ్ఞుడు వేరే కారణాలతో మరణించిన యాభై దాటిన మగవారి శవాలను పరిశీలిస్తే, 292 మందిలో 41 మంది ప్రోస్టేటులో చిన్న కాన్సరు ఉన్నట్లు తేలింది. ఆ రోగమున్నట్లు వారిలో అత్యధికులకు తెలియనే తెలియదు. తరువాత ఎన్నో దేశాలలో చేసిన పరిశీలనలు దీనినే బలపరిచాయి. వయస్సు పెరిగేకొద్దీ ఈ నిద్రాణమైన కాన్సరులు పెరుగుతాయి. జల్లెడ పట్టినప్పుడు ఇవి కూడా పట్టుబడతాయి. వాటిని కదిలించకపోతే ఏమీ కాదు, కాని కాన్సరు అన్న మాట విన్న తరువాత ఊరకుండే కుటుంబం ఎక్కడ ఉన్నది? దక్షిణ కొరియాలో ఇటువంటిదే జరిగింది. అక్కడ కంఠంలోని థైరాయిడు గ్రంథికి అల్ట్రాసౌండు పరీక్షలు విచ్చలవిడిగా చేయడంవల్ల, 1993 తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడు కాన్సరు కేసులు పదిహేనురెట్లయ్యాయి. చనిపోయేవారి సంఖ్య మాత్రం మారలేదు.

అయితే ప్రోస్టేటు విషయంలో మరణాల రేటు ఏమి చెబుతున్నది? ఐరోపాలో ఎనిమిది దేశాలలో 1990 ల నుండి సాగుతున్న మహాప్రయోగం దీనికి అందరికన్న పెద్ద సాక్షి. చీట్లు వేసినట్లు కొందరిని పరీక్షకు పిలిచి, కొందరిని పిలవకుండా వదలి, ఏండ్ల తరబడి లెక్కపెట్టారు. 23 సంవత్సరాల ఫలితాలు 2025 లో వెలువడ్డాయి. పిలవనివారిలో ప్రతి 1000 మందికి 16 మంది ప్రోస్టేటు కాన్సరుతో మరణిస్తే, పిలిచినవారిలో 14 మంది మరణించారు. 456 మందిని పిలిస్తే ఒక మరణం తప్పింది. ఆ ఒక్కరికోసం పన్నెండుమంది అదనంగా కాన్సరు రోగులనిపించుకున్నారు. బ్రిటనులో నాలుగు లక్షల మందికి పైగా మగవారితో, ఒకే ఒక్కసారి పరీక్షకు పిలిచి చేసిన మరొక ప్రయోగంలో పదిహేనేండ్ల తరువాత లాభం ఇంకా తక్కువ, వెయ్యిమందికి ఒక ప్రాణం కూడా లేదు. అమెరికాలో చేసిన ప్రయోగంలో అసలు లాభమే కనిపించలేదు గాని, దానిని నమ్మడానికి లేదు. పరీక్ష చేయకూడదని విడిచిపెట్టినవారిలో నూటికి తొంభైమంది తమంతట తాము బయట చేయించుకున్నారు! ఉపవాసం ఉన్నవారినీ తిన్నవారినీ పోల్చబోతే ఇద్దరూ తిన్నట్లే తేలినది.

లాభం ఉన్నది, చిన్నది, ఆలస్యంగా వచ్చేది. నష్టమో వెంటనే వచ్చేది. శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో కొందరికి మూత్రం పట్టు తప్పుతుంది, పలువురికి దాంపత్య జీవితం దెబ్బతింటుంది. పదేపదే గుడ్డలు మార్చుకోవలసిన స్థితి పెళ్ళిళ్ళకూ, జాతరలకూ, బస్సు ప్రయాణాలకూ మనిషిని దూరం చేస్తుంది. ఇది చెప్పకుండా లాభం ఒక్కటే చెప్పడం వ్యాపారి పద్ధతే గాని వైద్యుని పద్ధతి కాదు. బ్రిటనులోనే మరొక ప్రయోగంలో గ్రంథి దాటని కాన్సరు ఉన్న 1643 మందిని మూడు గుంపులు చేసి, కొందరికి శస్త్రచికిత్స, కొందరికి కిరణ చికిత్స ఇచ్చి, కొందరిని గమనిస్తూ మాత్రమే ఉంచారు. పదిహేనేండ్ల తరువాత ఏ గుంపులోనైనా ప్రోస్టేటు కాన్సరుతో మరణించినవారు నూటికి ముగ్గురికి అటూ ఇటూ మాత్రమే. గమనిస్తూ ఉంచిన గుంపులో రోగం దూరంగా పాకినవారు సుమారు 9 శాతం, మిగిలిన గుంపులలో 5 శాతం. ఈ అంకెను కూడా దాచకూడదు.

ఇంతవరకు చదివినవారికి స్క్రీనింగు అంతా మోసమే అనిపించవచ్చు. అట్లా అన్నవారూ ఉన్నారు. ప్రోస్టేటులోని ఇటువంటి పదార్థాలను 1970 లోనే వర్ణించిన రిచర్డ్ ఆబ్లిన్ 2014 లో రోనల్డ్ పియానాతో కలిసి “ది గ్రేట్ ప్రోస్టేట్ హోక్స్” అనే గ్రంథం ప్రకటించాడు. పి.ఎస్.ఏ. కాన్సరును మాత్రమే చూపే గుర్తు కాదనీ, ఆరోగ్యవంతులపై దానిని విచ్చలవిడిగా వాడడం వెనుక పెద్ద వ్యాపారమున్నదనీ ఆయన వాదం. మొదటి భాగంలో శాస్త్రం గట్టిగా ఉన్నది. కాని పుస్తకం పేరే చెబుతున్నట్లు, అది తీర్పు ముందే వ్రాసుకొని సాక్ష్యం వెదికిన న్యాయవాది ధోరణి. ఐరోపా ప్రయోగంలో తప్పిన మరణాలు చిన్నవే కావచ్చు, లేవనడానికి వీలు లేదు. 2012 లో అమెరికాలోని నిపుణుల సంఘం ఈ స్క్రీనింగు వద్దని సిఫారసు చేసింది. ఆ దశాబ్దంలో అక్కడ దూరంగా పాకిన దశలో బయటపడే కేసులు పెరుగుతూ వచ్చాయి. 2018 లో అదే సంఘం కొంత వెనక్కు తగ్గి, 55 నుండి 69 ఏండ్లవారు లాభనష్టాలు వైద్యునితో మాట్లాడుకొని తామే నిర్ణయించుకోవలెననీ, 70 దాటినవారికి వద్దనీ చెప్పింది. 2025 మే నెలలో అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్‌కు ఎముకలకు పాకిన ప్రోస్టేటు కాన్సరు బయటపడినప్పుడు, ఆయనకు 2014 తరువాత ఈ పరీక్షే చేయలేదని విని పలువురు ఆశ్చర్యపడ్డారు. డెబ్బై దాటినవారికి చేయకపోవడం అక్కడి నియమమే. ఒక్క మనిషి కథతో నియమాన్ని నిలబెట్టడమూ, పడగొట్టడమూ రెండూ కుదరవు.

ఆబ్లిన్ గ్రంథాన్ని మనవారు చదివి, మన ఊళ్ళలో ప్రచారం చేస్తే కలిగే ప్రమాదం మరొకటి ఉన్నది. అమెరికాలో జబ్బు, పరీక్షలు ఎక్కువ కావడం. మన దగ్గర జబ్బు, మనుషులు ఆలస్యంగా రావడం. నడుమునొప్పి వచ్చిన డెబ్బై ఏండ్ల రైతుకు మొదట తైలం రాస్తారు, తరువాత సూదిమందు వేయిస్తారు, వాతమంటారు, కట్టు కట్టిస్తారు. నొప్పి పడుకున్నా తగ్గదు, రాత్రివేళ హెచ్చుతుంది. నెలలు గడుస్తాయి. ఒకనాడు కాళ్ళు బరువెక్కుతాయి, తిమ్మిరి వస్తుంది, నిలబడలేడు. అప్పటికి వెన్నెముకలో పెరిగిన గడ్డ వెన్నుపామును నొక్కుతున్నదన్నమాట. ఆ స్థితిలో గంటలకు విలువ ఉన్నది. నడక పూర్తిగా పోకముందే వైద్యం అందితే నడక నిలిచే అవకాశం ఎక్కువ. పోయిన తరువాత అందితే తిరిగి రావడం కష్టం. ఇక్కడ కావలసింది ఊరందరికీ రక్తపరీక్ష కాదు. వయస్సు మళ్ళిన మగవానికి తగ్గని నడుమునొప్పి, ఎముకల నొప్పి, మూత్రంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే వారం పది రోజులలో వైద్యునికి చూపించడం; కాళ్ళలో బలం తగ్గితే ఆ రోజే పెద్ద ఆసుపత్రికి పోవడం. ఇటువంటి మనిషికి పి.ఎస్.ఏ. పరీక్ష చేయడం స్క్రీనింగు కాదు, రోగనిర్ణయం. అప్పుడు ఆ పరీక్ష చాలా విలువైనది. ఎముకలకు పాకిన తరువాత కూడా హగిన్స్ చూపిన దారిలో హార్మోను చికిత్సతో చాలామందిలో రోగం కొన్నేండ్లు అణగి ఉంటుంది.

పూర్వం మా వైపువారికి ఇటువంటి వైద్యమంటే వేలూరే గతి. ఇప్పుడు ఆ స్థితి మారింది. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి 1993 లో వచ్చింది. టాటా ట్రస్టులవారి కాన్సరు ఆసుపత్రి 2022 లో ప్రారంభమైంది. దూరం తగ్గినా ఆలస్యం అంతగా తగ్గలేదంటే, లోపం కట్టడాలలో కాదు, ఎప్పుడు పోవలెనో చెప్పే మాటలలో ఉన్నది. నేను చదివిన వ్యాసాలలో ఒకటి రెండు తప్ప, కాళ్ళ బలహీనతను గురించి ఒక్క వాక్యం వ్రాసినవి లేవు. ప్యాకేజీ ధర మాత్రం పెద్ద అక్షరాలలో ఉన్నది.

ఈ సందర్భంలో మన ప్రభుత్వ కార్యక్రమాన్ని మెచ్చుకోవలె. 2016 లో కేంద్ర ఆరోగ్యశాఖవారు ముప్పై దాటినవారికి నిర్దేశించిన కాన్సరు స్క్రీనింగులో మూడే ఉన్నాయి: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. ప్రోస్టేటు లేదు. అది మరచిపోవడం కాదు. నోటిలో మచ్చను టార్చిలైటు వెలుతురులో ఆరోగ్య కార్యకర్త చూడగలదు. గర్భాశయ ముఖద్వారంలో కాన్సరు కాకముందు దశనే గుర్తించి అక్కడికక్కడే తొలగించవచ్చు. ఈ రెండూ మన దేశంలో విరివిగా ఉన్న రోగాలు. 1968 లో విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు ప్రపంచ ఆరోగ్య సంస్థకు వ్రాసి ఇచ్చిన నివేదికలో స్క్రీనింగుకు తగిన రోగానికి ఉండవలసిన లక్షణాలు చెప్పారు. రోగం ప్రజలకు ముఖ్యమైన సమస్య కావలె, దాని నడక తెలిసి ఉండవలె, దొరికినవారికి వైద్యం అందుబాటులో ఉండవలె, ఎవరికి వైద్యం చేయవలెనన్న దానిపై అంగీకారం ఉండవలె. ప్రోస్టేటు ఈ చివరి దగ్గరనే తడబడుతుంది. మా కరపత్రాల వారు ప్రభుత్వం ఉచితంగా చేసే మూడింటిని వదలి, చేయని ఒకదానిని నెత్తికెత్తుకోవడం విచిత్రం.

పరిస్థితి మారడం లేదని కాదు. పి.ఎస్.ఏ. పెరిగినవారికి నేరుగా సూది గుచ్చకుండా, ముందు ఎం.ఆర్.ఐ. చిత్రం తీసి, అనుమానం కనిపించిన చోటే ముక్క తీసే పద్ధతి వచ్చింది. 2022 లో స్వీడనులోని గోటెబోర్గులో చేసిన ప్రయోగంలో, ఈ పద్ధతివల్ల హాని చేయని చిన్న కాన్సరులను పట్టుకోవడం సగానికి తగ్గింది. తండ్రికో, అన్నదమ్ములకో ఈ రోగం వచ్చినవారికీ, కొన్ని జన్యుదోషాలు వంశంలో ఉన్నవారికీ అపాయం ఎక్కువ కనుక, వారు ముందుగానే వైద్యునితో మాట్లాడడం న్యాయం. అటువంటి యాభై అయిదేండ్ల మనిషి లాభనష్టాలు తెలిసి పరీక్ష చేయించుకుంటానంటే కాదనడానికి మనమెవరం?

కరపత్రాలను తిరిగి అచ్చువేసేవారికి ఒక చిన్న సూచన. గ్రంథి పెరుగుదలకు మన వృద్ధులు చాలామంది వాడే మాత్రలలో ఫినాస్టరైడు, డ్యుటాస్టరైడు అనే రెండు ఉన్నాయి. ఆరు నెలలు, సంవత్సరం వాడేసరికి ఇవి రక్తంలోని పి.ఎస్.ఏ. ను సుమారు సగానికి తగ్గిస్తాయి. ఆ మాత్ర మింగుతున్న మనిషికి 3 వచ్చిందంటే దానిని 6 గా లెక్కపెట్టి చూడవలె. కాగితంలో మాత్రం ఆ 3 మామూలు అక్షరాలలోనే, మామూలు అంకెల వరుసలోనే ఉంటుంది. చదివి చెప్పే పిల్లవాడు అడగవలసిన మొదటి ప్రశ్న, “తాతా, నువ్వు ఏమేమి మాత్రలు మింగుతావు?”